శనివారం ఐదిళ్లు

పెనుకొండలో మా గురువు ఓబులేసు స్వామి నా భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేసిన రోజున ఒకే మాట తీసుకున్నారు. ప్రతి శనివారం నామం పెట్టుకొని ఐదిళ్లలో బియ్యం అడగాలి. ఆ పూట ఆ బియ్యమే వండుకొని తినాలి. నేను హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా తాత దాసప్పగా ఇల్లిల్లూ అడుక్కుంటూ తిరిగినవాడే కదా అని తల ఊపేశాను.

"మన ఈదిలో మాత్రం అడుక్కోవద్దు. మన కొడుకు లోకేష్‌కు పిల్లనిచ్చేటోళ్లు నగుతారు," అంది నా భార్య రామాంజినమ్మ.

నాకూ అదే కావాలి. రెండేళ్లు శనివారం పొద్దున రైలెక్కి ధర్మవరం పోయాను. స్టేషన్ కుళాయి దగ్గర నామం దిద్దుకొని, మగ్గాల చప్పుడున్న వీధుల్లో అడిగి, తిరుగు రైలెక్కే ముందు కడిగేసుకునేవాణ్ని. అక్కడ నా పేరు అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద అంటారే, అది నేనే.

మొన్నొక శనివారం రైలు పెనుకొండలో ఆగింది. ప్లాట్‌ఫారం మీదున్న స్వామి నన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చారు.

"యాడికి పోతాండావు ఎల్లప్పా?"

"బియ్యం అడిగేదానికి, ధర్మవరం స్వామీ."

"ఆడ ఎవరుండారు నీకు?"

"ఎవరూ లేరు స్వామీ. అందుకే పోతాండా."

ఆయన నా ఉత్త నుదుటి వైపు చూశారు. "దేవునికి బియ్యం కరువొచ్చిందా? నీ గర్వం ఇడిపిద్దామని అడుక్కోమంటి. దాన్ని ఇంట్లో భద్రంగా పెట్టి వస్తాండావే!"

రైలు కదిలింది. ఆ రోజు ధర్మవరంలో నేను ఎవరినీ అడగలేదు.

తర్వాతి శనివారం నామం పెట్టుకొని మా వీధిలోనే శంఖం ఊదాను. వీధి మొదట్లో ఉండే శ్యామలమ్మ మొదట ఆటపట్టిస్తున్నాననుకుంది. ఆ తర్వాత జాలిపడి బియ్యం పోసింది. "ఉద్యోగం ఊడిందేమబ్బా?" అన్నాడు ఆమె పక్కింటి పోతులయ్య, పిడికెడు వేస్తూ. తర్వాతి రెండిళ్లవాళ్లు చెరో గుప్పెడు వేశారు. ఐదోది మా ఇల్లు. దాటిపోతే మళ్లీ దొంగాటే అవుతుందని గడప ముందు నిలబడి గోవిందా అన్నాను.

రామాంజినమ్మ చేటతో వచ్చింది. నా ముఖం చూడకుండా బియ్యం పోసింది.

"రామాంజినమ్మా," అన్నాను.

"ఏసినాం కదా దాసప్పా. ఇంగ ముందరింటికి పో," అని లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

జోలెలో ఐదిళ్ల బియ్యం ఉన్నాయి. పొయ్యి ఆ తలుపు వెనకాల ఉంది. వీధంతా చూస్తుండగా అక్కడే నిలబడి ఏడ్చాను.