జెముడు పండ్ల ఏదెను

కోడుమూరు చర్చి గోడ మీద ఏదెను తోట గీయమని రత్నమణికి చెప్పింది ఆమె మామ లాజరే. ఆయన సంఘ పెద్ద. కోడలు కడపలో చదివేటప్పుడు బొమ్మలు నేర్చుకుందని ఆయనకు తెలుసు. చూసి గీయడానికి ఒక క్యాలెండరు కూడా ఇచ్చాడు. అందులో పచ్చిక, ఏరు, తెల్లటి హంసలు.

రత్నమణి ఆ క్యాలెండరు తెరవలేదు. రోజూ పొద్దున ఊరవతలి బీడులో కూర్చునేది. ఎండ ఎక్కేకొద్దీ ఎర్రనేల రంగు మారడం, తుమ్మచెట్టు నీడ ఊదాగా తిరగడం చూసి వచ్చి, చర్చి తలుపు వేసుకుని గీసేది.

శనివారం లాజరు సంఘస్థులను వెంటబెట్టుకుని వచ్చాడు. గోడ మీద నెర్రెలిచ్చిన నేల. తుమ్మ నీడలో ఆదాము, హవ్వ, నల్లగా, ఎముకలు తేలి. చుట్టూ జెముడు, దాని నిండా ఎర్రటి పండ్లు.

"ఏమ్మే, ఏరు యాడుండాది?"

"నేను సూసిన నేల గీసినా మామా. సూడని పచ్చిక నా చేతికి రాదు."

"ముండ్లు దేవుడిచ్చిన శాపం. ఆ శాపాన్ని తెచ్చి దేవుని గోడకు పూస్తావా?"

"మొన్నటి కరువులో మనమంతా ఆ ముండ్ల పండ్లే తిని బతికినాము. నువ్వూ తింటివి."

ఎవరో కిసుక్కున నవ్వారు. లాజరు మూలనున్న సున్నపు బకెట్టు ఎత్తి గోడ మీదికి విసిరాడు. అడ్డం పోయిన రత్నమణి మోచేయి కాలింది. ఆడవాళ్లు తలలు తిప్పుకున్నారు. ఆమె భర్త ఏసురాజు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

మరుసటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ఆమెను రానీయలేదు. కర్నూలు నుంచి వచ్చిన పెయింటరు ఆ గోడ మీద హంసలు దించాడు.

"నాయన కాళ్లు పట్టుకో. పోయేదేముండాది?" అన్నాడు ఏసురాజు.

"నా కన్ను పోతాది," అంది రత్నమణి. మిగిలిన రంగులు జిగురులో కలిపి వంటింటి గోడ మీద మొదలుపెట్టింది.

సాయంత్రం లాజరు అన్నానికి వచ్చి ఆగిపోయాడు.

"ఈ ఇల్లు నాది."

"మట్టి తెచ్చి ఈ గోడ మెత్తింది నేను. చెరిపితే మళ్లా గీస్తా. ఇంగో చెయ్యి బాగానే ఉండాది."

ఏసురాజు ఈసారి వచ్చి ఇద్దరి మధ్య నిలబడ్డాడు. లాజరు కొడుకును, కోడలిని చూసి, కంచం తీసుకుని గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. రత్నమణి సంగటి ముద్ద వేసింది. ఆయన ఇంకొంచెం అడగలేదు, కావాలా అని ఆమె కూడా అడగలేదు.