చెల్లెలి కంట పడినవి

రేడియోలో చెల్లెలి గొంతు వినపడగానే అక్క కుట్టుమిషన్ ఆపింది. ప్రదర్శనలకు ప్రేరణ ఎక్కడినుంచి వస్తుందని అడుగుతున్నాడు ఎవరో పెద్దమనిషి, ఎక్కడలేని వినయంతో. సంగీతం, సినిమా, చిత్రకళ అని చెల్లెలు మాటలకు తేనె పూసి చెప్పింది. చిన్నప్పుడు విన్న ఒక రాగం, చీకటి హాల్లో చూసిన ఒక ఏడుపు, గోడ మీదికి ఇంకా ఎక్కని ఒక రాత, ఇవే తన గురువులంది. పెద్దమనిషి ఆహా అన్నాడు. అక్కకు ఒళ్ళు మండింది.

చెల్లెలిది వింత వృత్తి. నాటకం వేయదు, కచేరీ చేయదు. ఖాళీ గదిలో నిలబడి ఒకే పనిని గంటల తరబడి చేస్తుంది. జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చి చుట్టూ నిలబడతారు. వినేవాళ్ళకు నవ్వొస్తుంది గానీ, ఒకసారి చూసొచ్చినవాళ్ళెవరూ నవ్వరు.

రేడియోలో చెప్పిన ఆ రాగం అమ్మది. బట్టలు మడతపెడుతూ ముక్కుతో తీసే కూనిరాగం. తను తీస్తున్నట్టు ఆవిడకే తెలియదు. చెల్లెలు మొదటి ప్రదర్శన దానితోనే చేసింది. ముందు వరసలో నిలబడ్డ అమ్మ మురిసిపోయి, ఇరుగుపొరుగుకంతా చెప్పుకుంది. మర్నాడు బట్టలు ముందేసుకుని కూర్చుంది, రాగం గొంతు దాకా వచ్చేసరికి ఉలిక్కిపడి ఆపేసింది. మళ్ళీ తీయలేదు. ఆ ఏడుపేమో మేనత్తది. సినిమాలో కష్టం రాకముందే పసిగట్టి ముక్కు చీదేసే మనిషి, తన ఏడుపును చెల్లెలు ఏడ్చి చూపించాక హాలు ముఖం చూడటం మానేసింది.

నాన్న సంగతే దారుణం. ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. రంగు ముట్టుకోకుండా, ఖాళీ కుంచెతో అక్షరాలన్నీ ముందు గాలిలో రాసి చూసుకునేవాడు. ఆ తర్వాత కుంచె గోడకు తగిలిందంటే గీత తప్పేది కాదు. ఆ గాలి రాతను చెల్లెలు ఒక తెల్లగోడ ముందు సాయంత్రమంతా రాసింది. బాగుందే తల్లీ అన్నాడు నాన్న. ఆ వారమే ఒక మందుల షాపు ముందు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎటు పోవాలో తోచక అలాగే ఉండిపోయిందట. ఇప్పుడు వరండాలో కూర్చుని దారినపోయేవాళ్ళను చూస్తుంటాడు. వయసు మీద పడిందని అందరూ సరిపెట్టుకున్నారు. అక్క సరిపెట్టుకోలేదు, కానీ పైకి అంటే పిచ్చిదంటారని నోరు మెదపలేదు.

ఈసారి ఏం చేస్తున్నారని రేడియోలో అడిగారు. పసిగొంతు మీద పని చేస్తున్నానని, అందుకే అక్కావాళ్ళింటికి వెళ్తున్నానని చెల్లెలు చెప్పింది. అక్క చప్పున లేచి రేడియో కట్టేసింది.

ఎందుకంటే అక్క కూతురు మాట్లాడదు, పాడుతుంది. చెప్పు దొరకకపోయినా, బళ్ళో ఎవరైనా గిల్లినా, పాలు వద్దనాలన్నా అంతా రాగమే. ఎవరూ నేర్పలేదు, వద్దన్నా మానదు. పిల్ల వీధి మలుపు తిరగకముందే అక్కకు తెలిసిపోతుంది. భర్త ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగి, ఆ ఇంట్లో సందడంటే అదొక్కటే.

చెల్లెలు రానే వచ్చింది. పిల్లను ముద్దాడింది, జడ వేసింది, తెచ్చిన రంగుపెన్సిళ్ళు ఇచ్చింది. తర్వాత కుర్చీలో కూర్చుని చూడటం మొదలుపెట్టింది. ఆ చూపు అక్కకు తెలుసు. రెప్ప పడదు, తల కాస్త పక్కకు వాలుతుంది, పెదాలు చప్పుడు లేకుండా కదులుతాయి. నీలం పెన్సిలు ముక్కు విరిగిందని పిల్ల పాడుతుంటే, ఆ పెదాలు పిల్ల వెంటే కదిలాయి. కాసేపటికి పిల్లకంటే ముందే కదిలాయి.

అక్క పిల్లను లోపలి గదిలోకి పంపింది. అమ్మ గురించీ, అత్త గురించీ, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది.

"నేనేం ఎత్తుకుపోయానక్కా? ఎవరివి వాళ్ళ దగ్గరే ఉన్నాయిగా."

"ఉంటే నాన్న ఎందుకు కూర్చుండిపోయాడే?"

చెల్లెలు తల దించుకుంది. ఆ కబురు విన్నరోజు తనూ ఏమీ తినలేదంది. కానీ తనకంటూ సొంతంగా ఒక్క అలవాటూ లేదని, అద్దంలో అమ్మో అత్తో నాన్నో కనపడతారు తప్ప తను కనపడదని, ఊరికే కూర్చుంటే భయమేస్తుందని చెప్పింది. అక్కకు నిజంగానే జాలేసింది. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పింది తనే కదా. అయినా జాలి జాలే, పిల్ల పిల్లే. వెంటనే సంచి సర్దుకుని వెళ్ళిపొమ్మంది.

అంతలో లోపలినుంచి పిల్ల రాగం ఎత్తుకుంది. చెల్లెలు లేచి అటు నడిచింది. అక్క ఒక్క అంగలో గుమ్మానికి అడ్డం పడి, కుడిచెయ్యి బారుగా చాచింది. వేళ్ళు ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకున్నాయి, గడ్డం పైకి లేచింది. అలా నిలబడటం ఆమెకెవరూ నేర్పలేదు. ప్రాణం పోయినా ఆ చెయ్యి దించేది లేదనుకుంది.

చెల్లెలు ఆగింది. గదివైపు కాదు, ఆ చేతివైపు చూసింది. తల కాస్త పక్కకు వాలింది. తర్వాత తన కుడిచెయ్యి మెల్లగా చాచి, లేని ద్వారబంధాన్ని వేళ్ళతో పట్టుకుని, గడ్డం ఎత్తింది.

అచ్చం అలాగే ఉంది. నిజం చెప్పాలంటే ఇంకా బాగుంది. అక్క తన చెయ్యి తను చూసుకుంది. వేళ్ళు ఇలా ఉండాలా, మోచెయ్యి ఇంకాస్త పైకి ఉండాలా అనిపించి సర్దుకోబోయింది. కుదరలేదు. ఎవరి చెయ్యో తెచ్చి తగిలించినట్టు బరువెక్కి, జారి పక్కకు వాలిపోయింది. మళ్ళీ ఎత్తాలనుకుంది గానీ ఎలా ఎత్తాలో తెలియలేదు.

"ఏమీ అనుకోకక్కా," అంది చెల్లెలు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. అక్కను రాసుకుంటూ గదిలోకి వెళ్ళింది.

లోపల రెండు గొంతులు కలిసి పాడాయి. చాలాసేపు పాడాయి. అక్క గుమ్మంలోనే ఉండిపోయింది. కాసేపటికి ఒక గొంతే మిగిలింది. ఆ తర్వాత పిల్ల బయటికొచ్చి అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"అమ్మా, ఆకలేస్తోంది," అని మామూలుగా చెప్పింది.