మామునూరులో శారద వంతు

మట్టెవాడ స్టీలు సామాన్ల రామలింగం కూతురు విమానంలోంచి దుంకుతుందట అనే మాట, ఎనభై ఏడు చలికాలంలో బజారంతా పాకింది. పాకనీ! ఆ మాట చెవిన పడ్డ ప్రతిసారీ శారదకు ఒళ్లు పులకరించేది. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన పిల్ల, పెళ్లిచూపుల్లో కూర్చోబెడితే వచ్చినవాళ్లనే ప్రశ్నలడిగిన పిల్ల. మామునూరులోని పాత విమానాశ్రయం మైదానంలో పారాచూట్ క్లబ్బు పెట్టారని తెలిసిన రోజే వెళ్లి పేరు రాయించుకుంది. ఏడాదంతా బల్ల మీంచి దుంకడం, పడటం, దొర్లడం, మోకాళ్లు చెక్కుకుపోవడం. అసలు విమానం మాత్రం చలికాలంలో ఒక్క వారమే వస్తుంది, అదీ హైదరాబాదు నుంచి అద్దెకు. మాఘంలో ఆమె పెళ్లి. ఆ తరువాత అత్తగారింటి వాళ్లు గాల్లోకి పంపుతారా? పంపినట్టే! కాబట్టి ఈ వారం దుంకితే దుంకినట్టు, లేకపోతే ఈ జన్మకు లేదు.

"పో బిడ్డా," అన్నాడు తండ్రి, ఆమె భయపడుతూ అడిగినప్పుడు. "పెండ్లికి ముందు నీ ముచ్చట తీర్చుకో. నా బిడ్డ దుంకిందని బజారంత నేనే చెప్పుకుంట." అంత మంచి తండ్రి ఎవరికుంటాడని శారద ఆ రోజు దుకాణంలోనే ఏడ్చేసింది.

క్లబ్బుకు అప్పటికి ఒక పెద్ద తలనొప్పి ఉండేది. విమానంలో నలుగురికే చోటు. నలుగురి బరువు కలిపి ఇంతకు మించకూడదని పైలట్ పట్టు. నల్లబల్ల మీద సుద్దముక్కతో పేర్లు రాసేవారు, చెరిపేవారు, చెరిపిన చోట కాలర్లు పట్టుకునేవారు. క్లబ్బు నడిపే కెప్టెన్ సాబ్ పటాలంలో దుంకి దుంకి వచ్చినవాడు. శత్రువుకు బెదరలేదు గాని ఈ వంతుల లొల్లికి మాత్రం హడలిపోయాడు. చివరికి ఎవరో స్నేహితుడి దగ్గర్నుంచి పాత కంప్యూటర్ ఒకటి పట్టుకొచ్చి శారద ముందు పెట్టాడు. టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది, టేప్ రికార్డర్ క్యాసెట్ తిప్పితే ప్రోగ్రాం ఎక్కుతుంది. అంతే దాని సంగతి.

దానికి ప్రాణం పోసింది ఇద్దరు. లెక్క శారదది. తీగలు, టేపు, టీవీ అన్నీ సాంబయ్యవి. సాంబయ్య అంటే రామలింగం దుకాణం పక్కన రేడియోలు బాగుచేసేవాడు. క్లబ్బులో ఆమెతో పాటే చేరాడు. "చెల్లె" అని పిలిస్తే సొంత అన్న పిలిచినట్టే ఉండేది. ఎండాకాలమంతా అతని దుకాణంలో సోల్డరింగ్ వాసన పీలుస్తూ కూర్చుని ఇద్దరూ ఆ ప్రోగ్రాం కట్టారు. పేరు, బరువు, డాక్టరు సర్టిఫికెట్, ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ అదే చూసుకుంటుంది. నలుగురి బరువు మించితే, ఎవరిని ఆపితే సరిపోతుందో వాళ్లను తరువాతి విమానానికి ఆపుతుంది.

"దీనికి తాళమేద్దామా చెల్లె? ఎవ్వలు గెలుకకుంట?" అనడిగాడు సాంబయ్య.

"వద్దన్నా. ఎవ్వలన్న చూడాలె, ఎవ్వలన్న మార్చాలె. మార్చినోళ్లు ఆ లైను పక్కన తమ పేరు రాయాలె, గంతే. అందరిది గావాలె ఇది."

అలాగే చేశారు. అడిగిన క్లబ్బుకల్లా క్యాసెట్ కాపీ చేసి ఊరికే పంపారు. నాగపూర్ నుంచి ఎవరో ఒక తప్పు దిద్ది, పక్కన తన పేరు రాసి తిప్పి పంపితే శారద ఆ సంబరం పట్టలేక సాంబయ్యకు జిలేబీ తినిపించింది.

ఇక విమానం వచ్చింది. రేకుల షెడ్డులో కంప్యూటర్ పెట్టారు. పొద్దున్నే అందరినీ కాటా మీద నిలబెట్టి బరువులు కంప్యూటర్లో కొట్టారు. శారద పేరు దగ్గర తెర మీద పడింది: బరువు ఎక్కువ, తరువాతి విమానం. తరువాతిదానిలోనూ అదే. మర్నాడు అదే. పక్కన హన్మకొండ టీచరు అనసూయ, శారద కంటే ఒళ్లున్న మనిషి, దర్జాగా ఎక్కి దుంకి వచ్చి నవ్వింది.

శారద ఏం చేసిందో తెలుసా? అన్నం మానేసింది! తన లెక్క తప్పదని, తప్పు తన ఒంట్లోనే ఉందని ఆ పిచ్చిదాని నమ్మకం. మొదట సాయంత్రం అన్నం, తరువాత పొద్దటి టిఫిను, ఆ పైన మజ్జిగ తప్ప ఏమీ లేదు. కంచం పక్కకు నెడుతుంటే తండ్రి తల నిమిరాడు.

"కడుపు మాడ్చుకోకు బిడ్డా. అది మెషిను గదా, దానికి దయ ఉంటదా?"

అనసూయ మాత్రం ఊరుకోలేదు. "నాకెందుకో అనుమానంగ ఉన్నది శారదా. నీ కంటె లావున్నోళ్లు పోతాండ్రు. నిన్నే ఎందుకు ఆపుతాంది?"

"కలిసిన నలుగురిని బట్టి ఉంటదక్కా. లెక్క మోసం జెయ్యది. నేను రాసిన లెక్క అది," అని శారద ఆమె మీదే కస్సుమంది. రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

ఆఖరి రోజు మధ్యాహ్నానికి కళ్లు తిరిగి షెడ్డు గుంజను పట్టుకుంది. అనసూయ ఆమెను కూర్చోబెట్టి, చరచరా కంప్యూటర్ ముందుకు వెళ్లి ఏదో కొట్టింది. కొట్టి, చెయ్యి పట్టి లాక్కుపోయింది.

"చూడు. నా పేరు మీద నీ బరువు కొట్టిన. ఎక్కుమంటాంది. తక్కిన ముగ్గురు వాళ్లే, బరువు నీదే. నీ పేరు పెడితేనే వద్దంటాంది!"

శారద కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రోగ్రాం తెరిచి ఒక్కొక్క లైనూ పైకి జరిపింది. నాగపూర్ ఆయన పేరు కనిపించింది, కెప్టెన్ సాబ్ పేరు కనిపించింది, తన పేరు చాలాసార్లు కనిపించింది. అప్పుడొచ్చింది ఒక లైను, పక్కన ఎవరి పేరూ లేకుండా. శారద అయితే ఇరవై కిలోలు కలుపు. అంతే ఉంది అందులో. క్యాసెట్ రోజూ ఎవరి దుకాణంలో ఉంటుందో ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు.

సాంబయ్య బయట తార్పాలిన్ మీద మోకాళ్లేసుకుని పారాచూట్ మడతపెడుతున్నాడు. ఆమె మొహం చూడగానే అతని చేతులు ఆగిపోయాయి.

"మీ బాపు కాళ్లు పట్టుకున్నంత పని జేసిండు చెల్లె," అన్నాడు. "బిడ్డకేమన్న అయితదని భయమైతాంది, జెప్తె ఇనది, నువ్వే ఎట్లనన్న ఆపు అన్నడు. తండ్రి ఏడుస్తాంటె నేనేం జెయ్యాలె?"

"నాకు జెప్పాలె!" అని అరిచింది శారద. "తిండి మానేసిన గదన్నా! నీ ముందట్నే గదా, కాటా ఎక్కి దిగిన!"

మైదానం కంచె దగ్గర రామలింగం నిలబడి ఉన్నాడు, చేతిలో టిఫిన్ డబ్బా. వారమంతా అలాగే వచ్చాడు, బిడ్డ దుంకుతుంటే చూడాలని. ఛీ, చూడాలనా! దుంకలేదని కళ్లారా చూసుకుని పోవాలని. దయ ఉంటదా అన్నాడే, ఆ చెయ్యి తన తల మీద పెట్టి మరీ అన్నాడే అనుకుంటూ శారద కంచె వైపు వీపు తిప్పింది.

కెప్టెన్ సాబ్‌కు సంగతి తెలిసి సాంబయ్యను హిందీలో నాలుగు దులిపాడు. పొద్దు వాలుతోంది, ఇంకొక్క విమానానికే వెలుతురుంది. సాంబయ్య తన చోటు వదులుకున్నాడు. శారద పేరు ఆ విమానానికి ఖాయమైంది. ఇంజను మొదలైంది.

"ఇది ఏస్కో చెల్లె," సాంబయ్య పారాచూట్ అందించాడు. "నీదే. నా చేతులతోటి మంచిగ మడతపెట్టిన. నా పిల్లల మీద ఒట్టు."

క్లబ్బులో పద్ధతే అది. ఎవరి పారాచూట్ వాళ్లు మడతపెట్టుకోరు, జతగాడు పెడతాడు. శారద దాన్ని వీపుకు తగిలించుకుని పట్టీలు బిగించింది. నాలుగడుగులు వేసింది. అతను మడత సరిగ్గానే పెట్టాడని ఆమెకు తెలుసు, తనకు దెబ్బ తగిలితే అతను బతకలేడని కూడా తెలుసు. అయినా కాళ్లు కదల్లేదు. వారం కిందట అయితే కళ్లు మూసుకుని దుంకేది. వెనక్కి వచ్చి, తార్పాలిన్ మధ్యలో నిలబడి, పారాచూట్ తెరిచే తాడు లాగేసింది. గుడ్డంతా బుస్సున నేల మీద పరుచుకుంది. మళ్లీ మడతపెట్టేంత వెలుతురు లేదు. కెప్టెన్ సాబ్ ఒక్క క్షణం చూసి విమానానికి చెయ్యి ఊపాడు. ముగ్గురే వెళ్లారు.

రామలింగం పరుగున వచ్చాడు. మొహమంతా వెలిగిపోతోంది.

"భయమైందా బిడ్డా? పోనీ తియ్యి, మంచి పని జేసినవ్. దా, అన్నం తిందువు."

"భయం గాదు బాపు. దుంకద్దు అని నా మొకం మీద అంటే నీతోటి కొట్లాడుదును. గెలుద్దునో ఓడుదునో. కొట్లాడనన్న కొట్లాడనియ్యకపోతివి."

రామలింగం డబ్బా కింద పెట్టి, వంగి, ఆమెకు సాయంగా గుడ్డ అంచు ఒకటి పట్టుకున్నాడు. రెండో అంచుకు సాంబయ్య వంగాడు.

"ముట్టకుండ్రి," అంది శారద. ఇద్దరూ వదిలేశారు. అంత పెద్ద గుడ్డను ఆమె ఒక్కతే, అటు పోయి ఇటు వచ్చి, మడతపెట్టడం మొదలుపెట్టింది.