కుందేలు కన్ను

తనూజ ఫోనుకి ఆ మెసేజ్ వచ్చేసరికి ఉదయం పదిన్నర. పంపినది బరంపురంలో ఉండే పద్మకుమారి. నెల కిందట తనూజ దగ్గర కుందేలు బొమ్మ అల్లే పాటర్న్ కొనుక్కుని, బొమ్మ పూర్తయ్యాక మూడుసార్లు థాంక్స్ చెప్పిన మనిషి.

"అక్కా, మీ కుందేలు కన్ను ఒకటి ఊడిపోయింది. ఇల్లంతా వెతికాం, దొరకలేదు. పాప ఒకటే దగ్గు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టుంది. ఆస్పత్రిలో ఉన్నాం. ఎక్స్‌రే తీశారు గానీ ప్లాస్టిక్ అందులో కనబడదట. కన్ను ఎంత సైజో డాక్టర్ అడుగుతున్నారు, త్వరగా చెప్పండి."

పాపకి పది నెలలు. తనూజ వెంటనే జవాబు మొదలుపెట్టింది. "ఎనిమిది మిల్లీమీటర్లు, వెనక చిన్న కాడ ఉంటుంది" అని కొట్టేలోపు మూడుసార్లు తప్పు పడింది.

బిర్సానగర్‌లో, హిందీవాళ్ళ మధ్య, వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో సగం తనూజ వ్యాపారానిదే. వ్యాపారమంటే బొమ్మలమ్మడం కాదు. క్రోషే సూదితో బొమ్మ ఎలా అల్లాలో వరుస వరుసా రాసి, ఫొటోలు పెట్టి, ఆ రాత కాపీని ఫోన్లలోకి అమ్మడం. "కాయితం కొనుక్కుని బొమ్మ ఆలే అల్లుకుంతారా? మరి నువ్వేటి సేసినట్టే?" అని అత్తగారు పైడమ్మ నాలుగేళ్ళుగా వేళాకోళం చేస్తూనే ఉంది. చేస్తూనే, కొత్త పాటర్న్ ఏది రాసినా మొదట అల్లి చూసేదీ ఆవిడే. ఆవిడకి చదువు రాదు. తనూజ పైకి చదువుతూ పోతుంది, ఆవిడ సూది ఆడిస్తూ పోతుంది. ఆవిడ చేతిలో బొమ్మ కుదిరితే పాటర్న్ కుదిరినట్టే అని తనూజ ధీమా. ఆ ధీమాతోనే కుందేలు మూడువందల పన్నెండు మంది ఫోన్లలోకి వెళ్ళింది.

అసలు కన్నెందుకు ఊడుతుంది? దాని కాడకి తల లోపలినుంచి వాషర్, అంటే చిల్లున్న చిన్న బిళ్ళ, బిగిస్తే పెద్దవాళ్ళు పట్టి లాగినా రాదు. తనూజ ఫైలు తెరిచింది. మూడో పేజీ: తలలో దూది కూరి, చివరి వరుస అల్లి, మూసి ముడి వెయ్యండి. నాలుగో పేజీ: పదకొండు, పన్నెండు వరుసల మధ్య కళ్ళు గుచ్చి, లోపల వాషర్ బిగించండి.

మళ్ళీ చదివింది. మూసేసిన తలలోకి వాషర్ ఎలా వెళ్తుంది?

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మకానికి పెట్టే ముందు పేజీలు సర్దుతూ, కళ్ళ ఫొటో మూడో పేజీలో ఇమడలేదని నాలుగో పేజీకి జరిపింది. ఫొటోతోపాటు దాని కింది మాటలూ జరిగాయి. పేజీ అందంగా కనబడాలని చేసిన పని! అయినా ఒక ఆశ. అత్తగారు అల్లి చూశారు కదా, ఆవిడకి కుదిరింది కదా.

"అత్తా, ఒకసారిలా రా."

"అన్నం దించనీయే."

"మాడితే మాడనీ. రా!"

కోడలి మొహం చూసి పైడమ్మ మారు మాట్లాడకుండా వచ్చి కూర్చుంది. బుట్టలో ముప్పావు అల్లిన తల ఒకటుంటే తనూజ ఆవిడ చేతికిచ్చి, మూడో పేజీ అక్షరం పొల్లు పోకుండా చదివింది. దూది కూరమని ఇంకా నోట్లో ఉండగానే పైడమ్మ చెయ్యి కళ్ళ డబ్బా మీదికి పోయింది. రెండు కళ్ళూ గుచ్చింది, వాషర్లు టక్కుమని నొక్కింది, అప్పుడు తీసింది దూది.

"కళ్ళు పెట్టమని నేను చదవలేదు కదత్తా!"

"నువ్వు సదివితే ఏటి, సదవకపోతే ఏటి? తల మూసీసినాక వాసరెలాగెడతారే? సేతికి తెల్దా?"

అంటే ఈవిడ ఇన్నాళ్ళూ తను రాసింది అల్లలేదు, తనకి తెలిసింది అల్లుకుపోయింది. చెయ్యి తిరిగిన వాళ్ళంతా అలాగే సర్దుకుని ఉంటారు. చేతికి తెలియని వాళ్ళ గతేమిటి? వాళ్ళ కోసమే కదా ఈ పాటర్న్ రాసింది. తనూజ భయం భయంగా భర్తకి ఫోన్ చేసింది. సూరజ్ ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కింద క్రేన్ నడుపుతాడు. అదృష్టంకొద్దీ టీకి దిగి ఉన్నాడు.

"ఏటీ ఒప్పుకోకు," అన్నాడు అంతా విని. "ఇక్కడ ఏటైనా అయితే ముందెవుడు నోరిప్పితే ఆడి గేట్‌పాసే పోద్ది, పనీ పోద్ది. ఫైలు చుప్‌చాప్ మార్చీ. తల మూసీముందు వాషర్ బిగించావా లేదా అని ఆవిడ్నే అడుగు. బస్."

"అది అబద్ధం కాదా?"

"అబద్ధమేటి? సవాల్ హై, సవాల్! అడగడమే కదా."

భయం పట్టుకున్న మనిషికి ఎవరేం చెప్పినా సబబుగానే ఉంటుంది. తనూజ నాలుగు నిమిషాల్లో ఫొటోనీ మాటల్నీ వాటి చోటికి చేర్చి కొత్త ఫైలు పెట్టేసింది. ఆ ప్రశ్న కూడా పద్మకుమారికి పంపింది.

జవాబు వెంటనే వచ్చింది. "లేదక్కా. మూసేశాక వాషర్ పట్టలేదు, జిగురుతో అంటించాను. ఇదే నా మొదటి బొమ్మ. మీరు రాసినట్టు చెయ్యడం నాకు చేతకాలేదు. మా అత్తగారూ అదే అంటున్నారు, చేతకాని పని నెత్తినేసుకుని పిల్లని చంపుకుంటున్నావని. గొంతులోకి కెమెరా గొట్టం వేస్తారట. లోపలికి తీసుకెళ్ళారు."

హమ్మయ్య, నా మీద అనుమానం లేదు. తనూజకి ముందు తట్టింది అదే. మరుక్షణం తన మీద తనకే అసహ్యమేసింది. తర్వాత గంటన్నర ఫోన్ మూగగా పడి ఉంది. వంటింట్లోంచి మాడువాసన వచ్చినా ఇద్దరూ లేవలేదు. పైడమ్మ పైడితల్లికి దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చుంది. తనూజ కొన్నవాళ్ళందరికీ పంపడానికి ఒక ఉత్తరం రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. పాపకి ఏమైనా అయితే తను ఇంక సూది పట్టగలదా, అన్నం ముద్దయినా ఎత్తగలదా?

ఒంటిగంటకి మెసేజ్ వచ్చింది. "తీసేశారక్కా! కుడివైపు ఊపిరి గొట్టంలో ఇరుక్కుందట. పాప ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటుంటే ఎంత హాయిగా ఉందో. మిమ్మల్ని కంగారు పెట్టాను, ఏమీ అనుకోకండి. తప్పంతా నాదే."

తనూజ బావురుమంది. కళ్ళు తుడుచుకున్నాక ఫోనులో ఉత్తరం అలాగే కనబడింది. పాప బతికింది. ఫైలు బాగుపడింది. తప్పు ఇంకొకరు నెత్తినేసుకున్నారు. ఇంక ఇదెందుకు? వేలు దాన్ని చెరపడానికి పోయింది.

"ఏటది తుడిపేత్తన్నావు?" అంది పైడమ్మ.

"ఇంక అవసరం లేదత్తా. పాప బాగుంది కదా."

"ఒక్క పిల్ల బతికింది. మిగతా బొమ్మల కళ్ళెవులు పీకుతారే?"

తనూజ వేలు వెనక్కి తీసుకుంది. కుందేలు కళ్ళు ఇప్పుడే కత్తిరించి పారెయ్యండి, పిల్లలకి అందనివ్వకండి, పొరపాటు మీ చేతిది కాదు, నా రాతది అని ఉన్న ఆ ఉత్తరాన్ని అందరికీ పంపేసింది. పద్మకుమారికి విడిగా రాసింది: "మీరు నేను రాసినట్టే చేశారు. నేను రాసిందే తప్పు. పొద్దున్న ఆ ప్రశ్న అడిగేటప్పటికే అది నాకు తెలుసు." చివరి వాక్యం కొట్టడానికి చాలాసేపు పట్టింది.

నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది. పద్మకుమారే. పైడమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది. ఆరో మోతకి తనూజ ఎత్తింది.

అవతల ఆస్పత్రి సందడి. వెనక ఎక్కడో పాప బొంగురు గొంతుతో ఏడుస్తోంది.

"పొద్దున్నే తెలుసా మీకు?" అంది పద్మకుమారి.

"తెలుసు."

"మా అత్తగారు, మా ఆయన, ఆడపడుచు, అందరూ ఇక్కడే ఉన్నారు. పొద్దుటినుంచి ఒక్కరూ నా మొహం చూడలేదు. పిల్లని నా చేతికివ్వట్లేదు. నాకు రాసింది వాళ్ళకి చెప్పండి. స్పీకర్ పెడుతున్నాను."

"ఎవరది?" అంది ఒక పెద్దావిడ, కసురుతున్నట్టు.

తనూజ ఫోనుని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"కుందేలు పాటర్న్ రాసింది నేనండీ," అంది. "మీ కోడలు అందులో ఒక్క ముక్క కూడా తప్పలేదు."