జానెడు వదులు

మా తమ్ముడు అంజయ్య లారీ వెనక వచ్చేవాళ్లు డ్రైవరు తాగి ఉన్నాడనుకునేవారు. వాడు చుక్క ముట్టడు. తూలేది బండి. కాసేపు కుడికి జరిగేది, వాడు లాగితే ఎడమకు పోయేది, మళ్లీ కుడికి.

గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల నుంచి ఖాళీ డ్రమ్ములు తెచ్చి పటాన్‌చెరులో దింపడం వాడి పని. భార్య పోయాక ఇస్నాపూర్‌లో నా దగ్గరే ఉంటున్నాడు. పొద్దున బయలుదేరేటప్పుడు "పోయొస్తనక్కా" అంటాడు. లారీ మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గర నిలబడతాను. మా ఆయన కూడా ఒక పొద్దున అలాగే చెప్పి షిఫ్టుకు వెళ్లాడు. ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. ఇంటికి టిఫిన్ డబ్బా మాత్రమే తిరిగొచ్చింది.

నేను బడికి పోలేదు. దుకాణాల బోర్డులు, లారీల వెనక రాతలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు రోజూ పేపరు తెప్పించుకుని ముందుగా జిల్లా పేజీ తీస్తాను. ఎక్కడ ఏ లారీ బోల్తా పడిందో చదివాకే టీ తాగుతాను. అంజయ్య దానికి నవ్వేవాడు. నా పేరు పేపర్ల వడ్డనాడు నువ్వే ముందుగాల చదువుతవక్కా, అనేవాడు.

వానాకాలం మొదట్లో వాడి లారీ ఫ్యాక్టరీ గేటు స్తంభాన్ని గీరింది. ఇక నేను ఊరుకోలేదు. స్టీరింగు బాగు చేయించేదాకా తిండి ముట్టనన్నాను. రెండు పూటలు చూసి, మూడో పూటకు వాడే లారీ తీశాడు. షెడ్డుకు పోకుండా ఎటైనా పోతాడేమోనని నేనూ ఎక్కి కూర్చున్నాను.

హైవే పక్కన రేకుల షెడ్డు బాల్‌రాజ్‌ది. ఇన్నాళ్లూ అంజయ్య సొంతంగా చేసుకున్న రిపేరు ఒక్కటే. స్టీరింగు పెట్టె మీద ఉండే స్క్రూను, బండి తూలినప్పుడల్లా ఇంకాస్త బిగించడం. అది విని బాల్‌రాజ్ తల అడ్డంగా ఊపాడు.

"చెప్పు తెగితే కాలికి కట్టు గట్టినట్టున్నదన్నా నీ రిపేరు."

ముందు రోగం ఎక్కడుందో చూడాలన్నాడు. వాళ్లిద్దరూ లారీ కిందికి దూరి, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. స్టీరింగును అటూ ఇటూ మెల్లగా ఆడించమన్నారు. నేను ఆడిస్తుంటే ఏ కీలు కదులుతుందో, ఏది ఆలస్యం చేస్తుందో బాల్‌రాజ్ కింద నుంచి టార్చి వేసి చూస్తున్నాడు. జానెడు తిప్పాను. ముందు టైర్లలో చలనం లేదని కింద నుంచి కేక వచ్చింది. చేతుల్లో గట్టిగా ఏమీ తగల్లేదు. నీళ్లు లేని బావిలో చేద దింపినట్టుంది. ఇన్నేళ్లూ వాడు దీన్ని పట్టుకునే ఇంటికొచ్చాడా అనుకున్నాను.

స్టీరింగు పెట్టె నుంచి చక్రానికి పోయే రాడ్డు చివరి కీలు అరిగిపోయింది. ముందు చక్రాలు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్నులూ వాటి బుష్‌లూ అరిగాయి. అన్నీ కొత్తవి వేశాడు బాల్‌రాజ్. గ్రీజు పట్టించాడు. అంజయ్య బిగించిన స్క్రూను కాస్త వదిలాడు. చక్రాల వరస సరిచేశాక తానే హైవే మీద నడిపి తెచ్చాడు. లారీ గీత గీసినట్టు పోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన నిమ్మళం మళ్లీ ఎన్నడూ కలగలేదు.

తర్వాత అంజయ్య ఎక్కాడు. నేను పక్కన కూర్చున్నాను. సర్వీసు రోడ్డు వంపు దగ్గర వాడి చేతులు అలవాటుగా జానెడు ముందే తిరిగాయి. ఇప్పుడు ఆ వదులు లేదు కదా. లారీ ఒక్కసారిగా డివైడరు మీదికి దూకబోయింది. వాడు వెనక్కి లాగాడు, అదీ పాత లెక్కలోనే. బండి ఇటువైపు తిరిగి షేర్ ఆటో మీదికి పోయింది. ఆటోలో ఫ్యాక్టరీ ఆడపిల్లల ముఖాలు నాకు ఇంకా కనిపిస్తాయి. బ్రేకు పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

షెడ్డుకు తిరిగొచ్చాక అంజయ్య చాలాసేపు దిగలేదు.

"పాత జాయింటు మళ్ల బిగియ్యి" అన్నాడు చివరికి.

"బండి మంచిగనే ఉన్నదన్నా. నీ చేతులకే జెర టైం గావాలె. కొన్నొద్దులు ఖాళీ రోడ్డు మీద తిప్పుకో."

"పొద్దుగాల లోడున్నది నాకు."

"నేనైతె బిగియ్య. నీ పానా, నీ ఇష్టం."

మార్చిన పాత సామాను యజమానికి అప్పగించడం ఇక్కడి షెడ్లలో పద్ధతి, నిజంగానే మార్చారని తెలియడానికి. బాల్‌రాజ్ వాటిని గోనెసంచిలో వేసి ఇచ్చి, లారీని మా ఇంటిదాకా తానే నడిపి దింపాడు. ఇంటికి రాగానే అంజయ్య ఆ సంచిని స్నానాల గది పక్కన పెట్టి, పైన నట్లు బిగించే పానా పెట్టాడు. పొద్దున పాత జాయింటు తానే బిగించుకోబోతున్నాడని నాకు తెలిసిపోయింది.

తెల్లవారి వాడు స్నానానికి పోయినప్పుడు పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే బండి వీధిలోకి వచ్చింది. సంచి ఎత్తలేక ఈడ్చుకుంటూ తీసుకెళ్లాను. బండివాడు తూకం వేసి నా చెంగులో ఉల్లిగడ్డలు పోశాడు.

అంజయ్య తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. పానా ఒక్కటే ఉంది.

"సంచేదక్కా?"

ఉల్లిగడ్డల వైపు చూపించాను. వాడికి అర్థమైంది.

"నన్ను ఇంట్ల కట్టేసినవ్."

"ఇంట్లనన్న ఉంటవ్ గద తమ్మీ."

వాడు తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. 'పోయొస్త'నని కూడా అనలేదు. గేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. లారీ మలుపుదాకా వెళ్లి తిరగబోయి, మూలింటివాళ్ల ప్రహరీకి ముక్కు ఆనించి ఆగింది. రెండు ఇటుకలు రాలాయి. ఇంజను ఆగిపోయింది. వాడు నడిచి వెనక్కి వచ్చి, తాళంచెవి ఉల్లిగడ్డల మీద పెట్టి, లోపలికి పోయి పడుకున్నాడు. ఖాళీ రోడ్డు మీద నేర్చుకో అని నేను మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి అన్నాను. గోడవైపు తిరిగాడు.

ఇప్పుడు ఆ లారీని శ్రీకాంత్ నడుపుతున్నాడు. అంజయ్య భార్య తరఫు పిల్లవాడు. తూలడం లేదు, మంచి బండి మామా అని ఒకరోజు మెచ్చుకోబోయాడు. అంజయ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

పేపరు తెప్పించడం మానేశాను. తమ్ముడు రోజంతా నా కళ్ల ముందే ఉంటాడు. అడిగితే తింటాడు, అడగకపోతే లేదు. ఉల్లిగడ్డలు మూలన మొలకలెత్తాయి. వాటిని కోయడానికి నాకు చేతులు రాలేదు. పొద్దున శ్రీకాంత్ మా వీధి మలుపులో లారీ తిప్పే చప్పుడు వస్తే, మంచం మీద కూర్చున్న వాడి రెండు చేతులూ మోకాళ్ల మీది నుంచి లేస్తాయి. లారీ తిరగకముందే అవి తిరుగుతాయి, జానెడు.