నల్ల ప్లాస్టిక్ చుట్టిన కట్ట

సెయింట్ ఆల్బన్స్‌లో చెన్సా ఇంట్లో కొన్న సామాను కంటే దొరికిన సామానే ఎక్కువ. అందుకు ఆమెకు సిగ్గు లేదు సరికదా, గర్వం. మాల్టా నుంచి ఓడలో వచ్చి ఈ మెల్‌బోర్న్ శివారులో కాపురం పెట్టిన కొత్తలో ఆమె, భర్త స్పిరూ నేలమీద కూర్చునే తిన్నారు. ఏడాదికోసారి పాత సామాను వారం వచ్చేది. మునిసిపాలిటీ బండి వచ్చేలోగా ఎవరికి అక్కర్లేనివి వాళ్లు ఇంటి ముందు గడ్డిమీద పెట్టేవాళ్లు. ఇక చూడాలి సంబరం! మగవాళ్లు తోపుడుబండ్లతో, ఆడవాళ్లు ఊరికే షికారుకొచ్చినట్టు నటిస్తూ వీధులన్నీ చుట్టేవాళ్లు.

ఎవరూ రాయకపోయినా దానికో మర్యాద ఉండేది. పనిచేసే రేడియోకి తీగ చక్కగా చుట్టి పెట్టేవాళ్లు, పాడైనదానికి కత్తిరించేసేవాళ్లు. వానొచ్చేలా ఉంటే కుర్చీమీద ప్లాస్టిక్ కప్పేవాళ్లు. "మన మొహం కూడా తెలియనివాడు మనకోసం కప్పాడు చూశావా!" అని స్పిరూ మురిసిపోయేవాడు. అలా దొరికిన కుర్చీలోనే ఆమె కొడుకు వింజుకు పాలిచ్చింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు గుండె నిండిపోతుంది.

ఇప్పుడు ఫలానా వారమని లేదు. వాగు పక్క రోడ్డుమీద ఎవరో లారీల్లో తెచ్చి పరుపులు, టైర్లు, పగిలిన గాజు కుమ్మరించి పోతున్నారు. ఎలుకలు, దోమలు, కంపు. చెన్సా రోజూ అటు వెళ్లి తిట్టిపోస్తూనే ఓ కన్నేసి వస్తుంది. అలవాటు ఎక్కడికి పోతుంది!

గురువారం అక్కడ ఓ కట్ట కనబడింది. గోడపలకలు. నల్ల ప్లాస్టిక్ రెండు పొరలు చుట్టి, అంచులకు టేపు వేసి ఉంది. చెన్సాకు కళ్లు చెమర్చాయి. మర్యాద తెలిసినవాడు ఇంకా ఒకడు మిగిలాడన్నమాట! మోసే ఓపిక లేక పక్కింటి తావిటాను పిలిచింది. సమోవా నుంచి వచ్చి కొత్తగా దిగాడు, ముగ్గురు పిల్లలు. పెరట్లో రాళ్లు కాల్చి వండుకునే చోట గాలికి అడ్డు కావాలని మొన్ననే అన్నాడు.

"నిజంగా తీసుకోవచ్చా పెద్దమ్మా? ఎవరైనా ఏమన్నా అంటే?"

"అనడానికేముంది నాయనా, బయట పెట్టారంటే నీదే. ఎంత ముచ్చటగా చుట్టాడో చూడు!"

కుందేళ్ల గూటికని ఒక్క పలక మాత్రం తను ఉంచుకుంది.

ఆదివారం వింజు భోజనానికి వచ్చాడు. ఇళ్లకు రంగులు వేయడం అతని పని. కుందేలు కూర గిన్నె మూత తీస్తూ, కిటికీలోంచి గోడకు ఆనించిన పలకను చూశాడు. మూత చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా, అదెక్కడిది?"

"వాగు దగ్గరది. తడవకుండా ప్లాస్టిక్ కూడా చుట్టాడు మారాజు."

"తడవకుండా కాదమ్మా, దుమ్ము రేగకుండా! ఆస్బెస్టాస్ అది. ఏదో పాత ఇల్లు కూల్చి, దొంగచాటుగా పడేసి పోయాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. కోశావా దాన్ని?"

చెన్సా కోయలేదు. కానీ మిగిలిన కట్టంతా పక్కింట్లో ఉంది. కంచె అవతల పొగ లేస్తోంది. టప్పుమని ఏదో పగిలింది, వెంటనే పిల్లల కేరింతలు.

చెప్పుల్లేకుండానే పరుగెత్తింది. నిప్పు చుట్టూ నిలబెట్టిన పలకలు వేడికి పగులుతుంటే పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. చిన్నది ఆ తెల్లపొడి చెంపలకు రాసుకుని పెళ్లికూతురినంటోంది.

"లోపలికి! అందరూ లోపలికి నడవండి!"

వెనకే వచ్చిన వింజు సంగతంతా చెప్పాడు. తావిటా కోప్పడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"ఈ వీధిలో మాకంటూ ఏదైనా ఇచ్చింది మీరొక్కరే పెద్దమ్మా," అన్నాడు. వింజు వైపు తిరిగి అడిగాడు. "పిల్లలకేమైనా అయిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?"

"ఏమీ కాకపోవచ్చు. చాలామందికి కాదు. అయితే మాత్రం... ముప్పై, నలభై ఏళ్లకి."

చెన్సా చిన్నదాని చెంపలు తడిగుడ్డతో తుడుస్తోంది. స్పిరూ పోయినప్పటి నుంచి ఆమెకు చావంటే భయం లేదు. ఎప్పుడు పిలిచినా సిద్ధమే అనుకునేది. ఇవాళ మొదటిసారి, ఇంకో నలభై ఏళ్లు బతకాలనిపించింది.