తీసివేతల్లేని పరీక్ష

నేను ఒక క్యాలిక్యులేటర్‌ని. కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చునే రకాన్ని కాదు, గ్రాఫులు గీసే రకాన్ని. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ఒళ్ళంతా మీటలు బిగించి, నాచేత నాలుగు లెక్కలు చేయించి, అన్నీ సరిగ్గా చెప్పానని పెట్టెలో పెట్టి మూసేశారు. తెలివికి మనుషులిచ్చే బహుమతి ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

పెట్టె తెరిచేసరికి విశాఖపట్నంలో, కొండవాలు మీద ఒక బడిలో ఉన్నాను. అక్కడ రెండేళ్ళ అంతర్జాతీయ డిప్లొమా చదువు చెబుతారు. ఆరు సబ్జెక్టులు, సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం, పదిమందికి పనికొచ్చే సేవ. ఇవి చాలవన్నట్టు, మనకు తెలిసింది మనకెలా తెలుసు అని మరో పాఠం! నా మొదటి యజమాని కౌండిన్య నాచేత పిల్లిమొహాల గ్రాఫులు గీయించి, ఎలాగో గట్టెక్కి, వెళ్తూ వెళ్తూ నన్ను లెక్కల గది అద్దాల బీరువాలో వదిలాడు. వచ్చే ఏటి పిల్లలకు ఇలా వదిలి వెళ్ళడం ఆ బడిలో ఆనవాయితీ.

ఆ అద్దంలోంచే మేదినిని మొదటిసారి చూశాను. దరఖాస్తు పెట్టుకుని, నాన్నతో కలిసి ఇంటర్వ్యూకు వచ్చింది. నాన్న అప్పలస్వామి ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్. లెక్కల మాస్టారు రుక్మాంగదరావు అమ్మాయిని ఏదో అడగబోతే నాన్నే అందుకున్నాడు.

"ఏ పుస్తకమైనా ఇవ్వండి సార్. అట్ట నుంచి అట్ట దాకా అప్పజెప్పేస్తాది!"

"అప్పజెప్పక్కర్లేదండీ. అడగడం వస్తే చాలు," అని మాస్టారు నవ్వారు.

మేదిని వెంటనే అడిగేసింది. "ఉక్కపోసిన రోజు దోసెల పిండి గిన్నె దాటి ఎందుకు పొంగుతుంది సార్?"

సీటు వచ్చింది. నేనూ ఆమె సంచిలోకి వచ్చాను. ఆ ప్రశ్నే ఆమె పెద్ద వ్యాసం అయింది. వంటింట్లో గిన్నెల వరస, వాటి పక్కన నేను. మేదిని పిండి ఎత్తు కొలిచి అంకెలు నొక్కిన కొద్దీ నా తెర మీద గీత పైకి పాకేది. ఇంటిల్లిపాదీ గిన్నెల చుట్టూ చేరి ఆ గీతను పసిపిల్ల పాకుడు చూసినట్టు చూసేవారు. మామ్మ సన్యాసమ్మ మాత్రం విసుక్కునేది. "పిండంతా గీతలైపోనాది. దోసెలెప్పుడేటే?"

వ్యాసం బ్రహ్మాండంగా కుదిరింది. లెక్కలే కుదరలేదు. బడిలో పెట్టిన నమూనా పరీక్షలో మేదిని లెక్కల దగ్గరే బోల్తాపడింది. అసలు పరీక్షలోనూ అదే జరిగితే, మిగతావన్నీ ఎంత బాగా రాసినా డిప్లొమా రాదు. అప్పట్నుంచి ఆ పిల్ల నన్ను దిండు పక్కన పెట్టుకునే పడుకునేది.

పరీక్ష రోజు పొద్దున్న మేదిని స్నానానికి వెళ్ళగానే మామ్మ నన్ను దేవుడి గూట్లో పెట్టింది. పసుపు రాసింది. బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు నా మీద ధారాళంగా చిలకరించింది.

"ఏటమ్మా ఇది? దాంట్లో కరెంటు ఉంటాది," అన్నాడు అప్పలస్వామి.

"నీ బండికెట్టలేదా బొట్టు? దీనికెడితే తప్పేటి?" అని మామ్మ నన్ను పమిటతో తుడిచి సంచిలో వేసింది.

ఆ పరీక్షలకు ఒక నియమం ఉంది. హాల్లోకి వెళ్ళేముందు నాలో దాచిన లెక్కలూ గ్రాఫులూ అన్నీ తుడిచెయ్యాలి. మాస్టారు మీట నొక్కి, కుంకుమ అంటిన వేలు చూసుకున్నారు.

"ఇది క్యాలిక్యులేటరా, గౌరీదేవా?"

దాచిన లెక్కలు పోయాయి గానీ లోపలికి దిగిన కొబ్బరినీళ్ళు పోలేదు. కాగితం చేతికొచ్చాక, మొదటి లెక్కలోనే నా తీసివేత మీట బిగుసుకుపోయింది. మేదిని నొక్కింది. గోటితో గిల్లింది. ఊదింది. చెయ్యెత్తి అడిగితే, బడిలో ఉన్న అదనపు యంత్రం అప్పటికే ఇంకో పిల్లాడి చేతిలో ఉందన్నారు. ఆమె వేళ్ళు నా మీటలన్నీ తడిమాయి. నాకు నోరుంటే ఏడ్చేదాన్ని.

ఉన్నట్టుండి ఆ వేళ్ళు ఒక మీట దగ్గర ఆగాయి. సంఖ్య ముందు ఋణ గుర్తు పెట్టడానికి నాకు వేరే మీట ఉంది. ఐదులోంచి మూడు తీసేసినా, ఐదుకు ఋణ మూడు కలిపినా ఒకటే కదా! మేదిని అలాగే కలిపింది. సరైన జవాబే వచ్చింది. ఆ తర్వాత ఇద్దరం వెనక్కి చూడలేదు. ఒక్క తీసివేత చెయ్యకుండా, కలుపుకుంటూ, కలుపుకుంటూ చివరి ప్రశ్న దాకా వెళ్ళిపోయాం. ఏ లెక్కకు ఆ లెక్క ఆగి ఆలోచించక తప్పలేదు కాబట్టి, ఎప్పుడూ చేసే తొందరపాటు తప్పులు కూడా ఆ రోజు దొర్లలేదు.

ఫలితాలొచ్చిన రోజు అప్పలస్వామి ఫోను పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. డిప్లొమా వచ్చింది, లెక్కల్లో మంచి మార్కులతో! మామ్మ మనవరాలి బుగ్గలు పుణికి, గర్వంగా అడిగింది.

"ఇప్పుడు చెప్పు. నా పూజ వల్ల కాదేటే?"

మేదిని నా వైపు ఒకసారి చూసింది. నవ్వాపుకుంది.

"నీ పూజ వల్లే మామ్మా."

నా జన్మలో చూస్తూ చూస్తూ ఒప్పుకున్న తప్పు లెక్క అదొక్కటే.